బ్రిడిల్‌వే మధ్యలో ఆగిపోయింది, అక్కణ్ణుంచి గుర్రం ఎటు పోవాలి?

పోనీ_అమ్మ
శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మేం దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటాం. మా అమ్మాయికి 13 ఏళ్లు. ఈ ఏడాది ఒక పోనీని పార్ట్ లోన్ మీద తీసుకున్నాం. వారంలో మూడు రోజులు దాని పని మాదే, ఖర్చులోనూ వాటా ఇస్తాం. అరీనాలో తిరిగి తిరిగి పిల్లకి విసుగొచ్చింది. హ్యాకింగ్ అంటే మాత్రం ప్రాణం. పొలాల మధ్య, అడవి దారుల్లో అలా గుర్రం మీద వెళ్లిరావడమంటే స్కూల్లో వారమంతా పడ్డ టెన్షన్ ఒక్క గంటలో దిగిపోతుంది దానికి.

ఇప్పుడు సమస్యేంటంటే, పోనీని ఉంచే గుర్రాల యార్డ్ గేటు దాటగానే ఇరుకు రోడ్డు, రెండు వైపులా ఎత్తైన కంచె మొక్కలు. దాని మీద అర మైలు వెళ్తే నీలి బాణం గుర్తున్న బ్రిడిల్‌వే, అంటే గుర్రాలకీ వెళ్లే హక్కున్న దారి, వస్తుంది. ఒక మైలు హాయిగా సాగి, ఒక పెద్ద ఓక్ చెట్టు దగ్గర నీలి బాణం ఆగిపోయి పసుపు బాణం మొదలవుతుంది. అంటే అక్కణ్ణుంచి ఫుట్‌పాత్, మనుషులకే. బాట మాత్రం అదే. అదే వెడల్పు, అదే కంకర, అటూ ఇటూ అవే పాత కంచెలు. ఆ అర మైలు దాటితే పక్క ఊరు, ఆ వెనక అడవి, అడవి నిండా బ్రిడిల్‌వేలు. అది వద్దంటే లారీలు తిరిగే మెయిన్ రోడ్డే గతి.

యార్డ్‌లో పెద్దావిడలు తమ చిన్నప్పటి నుంచి అటే వెళ్లేవాళ్లమని చెబుతున్నారు. రెండేళ్ల క్రితం పొలం చేతులు మారింది. కొత్తాయన గేటుకి తాళం వేసి, పక్కన మనుషులు ఎక్కి దాటే స్టైల్ పెట్టి, గుర్రాలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టాడు. ఫుట్‌పాత్ మీద గుర్రంతో వెళ్తే నేరమా? ఇందులో మనం చేయగలిగింది ఏమైనా ఉందా?


పాతపటాలు
శనివారం, రాత్రి 9:25

పోనీ అమ్మ గారూ, పాత దారుల రికార్డులు వెతికే పని నేను చాలాకాలంగా స్వచ్ఛందంగా చేస్తున్నాను. తెలిసింది చెబుతాను.

పొలంలో ఫుట్‌పాత్ మీద గుర్రంతో వెళ్లడం మామూలుగా క్రిమినల్ నేరం కాదు. భూమి యజమాని మీద అతిక్రమణ, అంటే సివిల్ తగాదా. యజమాని ఒప్పుకుంటే వెళ్లొచ్చు. రోడ్డు పక్క పేవ్‌మెంట్ సంగతి వేరు, దాని మీద గుర్రాన్ని నడపడం 1835 చట్టం ప్రకారం నేరమే. ఏదేమైనా తాళం వేసిన గేటు దగ్గర పిల్లతో గొడవకు దిగకండి.

ఇంగ్లండ్, వేల్స్‌లో హక్కులన్నీ డెఫినిటివ్ మ్యాప్, అంటే ఏ దారి మీద ఎవరికి హక్కుందో చూపించే అధికారిక పటం, మీద ఆధారపడతాయి. 1949 చట్టం వచ్చాక 50ల మొదట్లో పారిష్ కౌన్సిళ్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, ఊరూరా తిరిగి ఏది ఫుట్‌పాత్, ఏది బ్రిడిల్‌వే అని రాసి పంపాయి. ఒక పారిష్‌లో రాసినాయన శ్రద్ధగా రాశాడు, పక్క పారిష్‌లో ఆయన మనుషులు నడిచే దారే కదా అని ఫుట్‌పాత్ అని రాసి వదిలేశాడు. అందుకే ఒకే బాట సరిహద్దు దగ్గర హోదా మార్చుకోవడం దేశమంతా కనిపిస్తుంది. మీ ఓక్ చెట్టు పారిష్ సరిహద్దు మీద ఉందేమో 1:25,000 ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో చూసి చెప్పండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. మ్యాప్‌లో ఫుట్‌పాత్ అని ఉంటే అక్కడ నడిచే హక్కు ఖాయం అని మాత్రమే అర్థం. అంతకు మించిన హక్కు లేదని ఆ మ్యాప్ తేల్చదు. పాతకాలంలో గుర్రాల హక్కు ఉండి ఉంటే, చట్టప్రకారం రద్దు చేసే దాకా అది అలాగే ఉంటుంది. వాడకం తగ్గినంత మాత్రాన పోదు.


ఏ34_డ్రైవర్
శనివారం, రాత్రి 10:02

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, రోజూ ఇలాంటి రోడ్ల మీదే ఆఫీసుకు వెళ్లేవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. మలుపు తిరగ్గానే ఎదురుగా గుర్రం ఉంటే మాకు గుండె ఆగినంత పనవుతుంది. 13 ఏళ్ల పిల్లని ఆ రోడ్డు ఎక్కించడం సబబేనా? ట్రైలర్‌లో ఎక్కించి ఎక్కడైనా సేఫ్‌గా ఉన్న చోటికి తీసుకెళ్లొచ్చు కదా. పైగా గుర్రాలు పెట్టుకోగలిగిన వాళ్ల కోసం కౌన్సిల్ డబ్బుతో దారులు వేయడం ఏం న్యాయం?


పోనీ_అమ్మ
శనివారం, రాత్రి 10:31

మీ భయం నాకు అర్థమవుతుందండీ. కానీ ట్రైలర్, దాన్ని లాగే బండి మాకు లేవు. మా యార్డ్‌లో చాలామందికి లేవు.

ఆ ఇరుకు రోడ్డు మీద అర మైలు ఎలా ఉంటుందో చెబుతాను. ముందు ఒక పెద్ద గుర్రం, వెనక మా అమ్మాయి పోనీ, ఇద్దరికీ పసుపు హై-విజ్ జాకెట్లు, పోనీ కాళ్లకి కూడా మెరిసే పట్టీలు. నేను సైకిల్ మీద వెనకాల. కారు చప్పుడు వినగానే పోనీ చెవులు వెనక్కి తిరుగుతాయి. అమ్మాయి కుడి చెయ్యి చాచి నెమ్మదిగా పైకీ కిందకీ ఆడిస్తుంది, వేగం తగ్గించమని. చాలామంది తగ్గిస్తారు, వాళ్లకి చెయ్యెత్తి థ్యాంక్స్ చెబుతుంది. పోయిన నెల ఒక వ్యాన్ తగ్గించలేదు. పోనీ పక్కకి దూకి వెనక కాళ్లతో గుంటలోకి జారింది. పిల్ల జీను మీద నిలబడింది గానీ ఇంటికొచ్చే దాకా మాట్లాడలేదు.

2022 జనవరి నుంచి హైవే కోడ్‌లో స్పష్టంగా రాశారు. గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 10 మైళ్లు మించకూడదు, కనీసం 2 మీటర్ల ఎడం వదలాలి. ఆ రోడ్డు మీద 2 మీటర్లు వదిలే చోటే లేదు, అంటే ఆగి ఉండాలి. మాకూ రోడ్డు మీద ఉండాలని లేదు. పొలంలో దారి ఉంటే మీకూ మేము అడ్డం రాము.


ష్రాప్‌షైర్_వెట్
ఆదివారం, ఉదయం 7:15

డ్రైవర్ అన్నయ్యా, నేను పశువుల డాక్టర్ని. రోజూ యార్డ్‌ల చుట్టూ తిరుగుతాను కాబట్టి ఒక మాట. గుర్రం ఉన్నవాళ్లంతా డబ్బున్నవాళ్లనుకోవద్దు. నేను చూసే వాళ్లలో కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే పేడ ఎత్తడానికి వచ్చేవాళ్లున్నారు, సూపర్‌మార్కెట్‌లో పనిచేసేవాళ్లున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, ఆడపిల్లలే.

ఇక దారి గుర్రాల కోసం మాత్రమే కాదు. బ్రిడిల్‌వే మీద నడవొచ్చు, 1968 నుంచి సైకిలూ తొక్కొచ్చు. అక్కడ స్టైల్ పెట్టడానికి వీల్లేదు, గేటే ఉండాలి, అదీ కనీసం 5 అడుగుల వెడల్పు. స్టైల్ ఎక్కలేని ముసలివాళ్లకి, ప్రామ్ తోసుకెళ్లే తల్లులకి ఊరి చుట్టూ పనికొచ్చే దారి చాలాచోట్ల అదొక్కటే.

ఇప్పుడు రైతు వైపు నుంచి కూడా కాస్త వినండి. నాకు ఫోన్లు వాళ్ల దగ్గర్నుంచే వస్తాయి. గేటు మూయకుండా పోతే గొర్రెలు రోడ్డెక్కుతాయి. రెండు మందలు కలిసిపోతే విడదీయడానికి ఒక పూట పోతుంది. తడి నేలలో నాలుగు గుర్రాలు కాంటర్ కొట్టాయంటే, అదే దౌడు తీశాయంటే, డెక్కల గుంటలు వేసవి దాకా అలాగే ఉంటాయి. దూడలున్న ఆవుల మధ్యకి గుర్రం వెళ్తే ఆవులు ఎగబడతాయి, అందులో తప్పు ఎవరిదీ కాదు, కానీ నెత్తురు కారుతుంది. కాబట్టి పోనీ అమ్మ గారూ, ముందు ఆ కొత్త రైతుతో మాట్లాడండి. మంచిగా అడిగి పర్మిషన్ తీసుకోండి. కాగితాల యుద్ధం మొదలుపెట్టారంటే ఆయన మనసు గట్టిపడిపోతుంది.


పాతపటాలు
ఆదివారం, ఉదయం 9:50

డాక్టరు గారూ, రైతుల గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. పర్మిషన్ విషయంలో మాత్రం తొందరపడొద్దంటాను, కారణం చెబుతాను.

1980 హైవేస్ యాక్ట్ సెక్షన్ 31 ప్రకారం జనం 20 ఏళ్లు ఆపకుండా, హక్కుగా ఒక దారి వాడితే, యజమాని దాన్ని జనానికి ఇచ్చేసినట్టే లెక్క. హక్కుగా అంటే బలవంతంగా చొరబడకుండా, దొంగచాటుగా కాకుండా, అనుమతి తీసుకోకుండా. ఈ మూడోదే చాలామందిని ముంచుతుంది. అనుమతితో వెళ్లిన రోజులు లెక్కలోకి రావు. పర్మిసివ్ బ్రిడిల్‌వే, అంటే యజమాని అనుమతితో మాత్రమే నడిచేది, అని బోర్డు పెట్టిన దారులు ఎంత బాగున్నా, ఏళ్ల తరబడి వాడినా హక్కు పుట్టదు, యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. కొందరు ఏడాదికి ఒక రోజు గేటు మూసేది కూడా హక్కు పుట్టకూడదనే.

మీ విషయంలో 20 ఏళ్లను గేటుకి తాళం పడ్డ రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. ఆ తేదీ ఇప్పటికే ఖాయమైపోయింది కాబట్టి, ఇకమీదట రైతుని అడిగినా పాత వాడకానికి నష్టం లేదు. అసలు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. పాత యజమాని ఎవరికైనా అనుమతి ఇచ్చాడా? ముందు ఆ పెద్దావిడల్ని కూర్చోబెట్టి ఇది అడగండి.


పెర్త్_తెలుగు
ఆదివారం, ఉదయం 11:04

ఇదంతా చదువుతుంటే మేము స్కాట్లాండ్‌లో ఉన్నందుకు అదృష్టవంతులం అనిపిస్తోంది అక్కా. ఇక్కడ 2003 ల్యాండ్ రిఫార్మ్ యాక్ట్ ప్రకారం, 2005 ఫిబ్రవరి నుంచి, బాధ్యతగా ఉన్నంతవరకు దాదాపు ఎక్కడైనా గుర్రం మీద వెళ్లొచ్చు. నీలి బాణం, పసుపు బాణం గొడవ లేదు.

అలాగని పంట మీద నుంచి పోనివ్వరు, గట్టు వెంట పోవాలి. ఇళ్ల పెరళ్లలోకి వెళ్లకూడదు. మెత్తటి నేల ఉంటే మనమే చుట్టు తిరిగి పోవాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే తాళాలేసిన గేట్ల దగ్గర. పక్కన మనుషులు దూరే సందు ఉంటుంది, గుర్రం దూరదు. హక్కు కాగితం మీద ఉంటుంది, మనం గేటు ఇవతల ఉంటాం. అప్పుడు కౌన్సిల్ యాక్సెస్ ఆఫీసర్‌కి రాయాలి. మా దగ్గర ఒక అటవీ దారిలో అలా రాశాకే పక్కన గుర్రాలకి వేరే గేటు పెట్టారు.

ఇంగ్లండ్‌లో కూడా రైట్ టు రోమ్, అంటే దారి వదిలి స్వేచ్ఛగా తిరిగే హక్కు, ఉందంటారు కదా, అది గుర్రాలకి వర్తించదా?


పాతపటాలు
ఆదివారం, మధ్యాహ్నం 12:20

వర్తించదు. 2000 నాటి క్రో (CROW) చట్టం కొండలు, మూర్లు, హీత్ లాంటి బీడు నేలల్లో, రిజిస్టర్ అయిన కామన్ (ఊరుమ్మడి) భూముల్లో తిరిగే హక్కు ఇచ్చింది, అది కాలినడకకే. కొన్ని మినహాయింపులున్నాయి. డార్ట్‌మూర్ కామన్స్ మీద 1985 నాటి ప్రత్యేక చట్టం కాలినడకతో పాటు గుర్రానికీ హక్కు ఇచ్చింది. పాత పట్టణ జిల్లాల పరిధిలో ఉండిన కామన్‌ల మీద 1925 ప్రాపర్టీ చట్టం సెక్షన్ 193 కింద గాలి కోసం, వ్యాయామం కోసం వెళ్లే హక్కు ఉంది. అందులో గుర్రపు స్వారీ కూడా వస్తుందని 1998లో కోర్టు చెప్పింది. మీ దగ్గర ఏదైనా కామన్ ఉంటే ఏ చట్టం కింద ఉందో కనుక్కోండి.

ఇవి పోగా మిగిలేది రైట్స్ ఆఫ్ వే నెట్‌వర్క్, అంటే ఫుట్‌పాత్‌లు, బ్రిడిల్‌వేల లాంటి జనం హక్కున్న దారులు. బ్రిటిష్ హార్స్ సొసైటీ లెక్క ప్రకారం ఇంగ్లండ్‌లో ఆ దారుల్లో గుర్రాలకి అందుబాటులో ఉన్నవి సుమారు 22 శాతమే. అవీ ముక్కలు ముక్కలుగా, మధ్యలో రోడ్లు. పోనీ అమ్మ గారి ఊళ్లో ఉన్నట్టే.


గండిపేట_రైడర్
ఆదివారం, మధ్యాహ్నం 1:45

హైదరాబాద్ నుంచి చదువుతున్నా. మా క్లబ్ గుర్రాల్ని కొన్నేళ్ల క్రితం దాకా పొలాల పక్క మట్టి దారుల్లో తిప్పేవాళ్లం. ఇప్పుడు అన్నీ వెంచర్లు, కాంపౌండ్ గోడలు. పొద్దున్నే ట్రాఫిక్ మొదలవ్వక ముందు సర్వీస్ రోడ్డు మీద పది నిమిషాలు నడిపించి తిరిగొచ్చేస్తాం. ఇక్కడ ఫలానా దారి గుర్రాలది అని చూపించడానికి మ్యాప్ లేదు. మీకు పోట్లాడటానికి ఒక చట్టం ఉంది, వదలొద్దండి.


తెనాలి_పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మా ఊళ్ళో డొంకలు గుర్తొచ్చాయి. నక్షాలో ఇంత వెడల్పని ఉంటుంది, ఎద్దుబండ్లు రెండు ఎదురుపడి తప్పుకునేంత. అటు రైతు ఒక మూర, ఇటు రైతు ఒక మూర కలుపుకుంటూ వచ్చి చివరికి మనిషి ఒక్కడే నడిచే బాట అయింది. బండి కట్టేవాళ్లు లేరు కాబట్టి అడిగేవాళ్లూ లేకపోయారు. ఇప్పుడు ట్రాక్టర్ పోవాలన్నా ఎవరో ఒకరిని బతిమాలాలి. ఆ యార్డ్ ఆవిడలు అడగటం ఆపలేదు చూడండి, అది చాలా గొప్ప విషయం.


పోనీ_అమ్మ
ఆదివారం, సాయంత్రం 6:30

అందరికీ థ్యాంక్స్. ఇవాళ యార్డ్‌లో టీ పెట్టి అందరినీ కూర్చోబెట్టాను.

మొదటిది, ఓక్ చెట్టు సరిగ్గా పారిష్ సరిహద్దు మీదే ఉంది. మ్యాప్‌లో ఆ గీత చెట్టు దగ్గర బాటని కోసుకుంటూ పోతోంది.

రెండోది, ఆరుగురు పెద్దవాళ్లు 80ల నుంచి, 90ల నుంచి ఆ దారిన వెళ్లామంటున్నారు. పాత రైతు ఎదురుపడితే చెయ్యి ఊపేవాడట. ఒకావిడ క్రిస్మస్‌కి ఆయనకి సీసా ఇచ్చేదట. యార్డ్ పాత ఓనరు మాత్రం నేను ఆయన్ని ఒకసారి అడిగాను, సరే వెళ్లండి అన్నాడు అని చెప్పింది. ఆ మాట వినగానే నాకు నీరసం వచ్చింది. మొత్తం పోయినట్టేనా?


పాతపటాలు
ఆదివారం, రాత్రి 8:15

పోలేదు. చెయ్యి ఊపడం అనుమతి కాదు, చూసి ఊరుకోవడం. చూసి ఊరుకోవడానికీ అనుమతి ఇవ్వడానికీ కోర్టులు తేడా చూస్తాయి, ఊరుకుంటే మనకి నష్టం లేదు. సీసా ఇవ్వడం మర్యాద, దారికి బదులుగా ఇచ్చిందైతే తప్ప. యార్డ్ ఓనరు అడిగి సరే అనిపించుకోవడం మాత్రం ఇబ్బందే. ఆ అనుమతి ఎవరెవరికి వర్తిస్తుందో వాళ్ల సాక్ష్యం బలహీనపడుతుంది. ఆ మాట దాచమని ఎవరూ చెప్పకూడదు, మ్యాప్ సరిచేయమని కౌన్సిల్‌కి పెట్టే దరఖాస్తుతో ఇచ్చే సాక్ష్యం ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. కాబట్టి ఆ యార్డ్‌తో సంబంధం లేనివాళ్లని వెతకండి. సొంత పొలంలో గుర్రం ఉంచుకున్నవాళ్లు, పక్క ఊరి వైపు నుంచి వచ్చినవాళ్లు.

రెండో మార్గం పాత పత్రాలు. దానికి ఎవరి అనుమతితోనూ పని లేదు. కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఎన్‌క్లోజర్ అవార్డు, అంటే ఉమ్మడి భూముల్ని పంచి కంచెలు వేసినప్పటి పత్రం, ఉందేమో చూడండి. ఉంటే అందులో ఆ దారిని ఎంత వెడల్పుతో, ఎవరి కోసం వేశారో రాసి ఉంటుంది. తర్వాత టైత్ మ్యాప్, అంటే చర్చికి కట్టే పన్ను కోసం గీసిన పాత పటం. ఆ తర్వాత 1910 ఫైనాన్స్ యాక్ట్ మ్యాపులు, వీటిలో చాలావరకు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. భూమి విలువ మీద పన్ను కోసం ప్రతి కమతానికీ రంగు గీశారు. అటూ ఇటూ కంచెలున్న బాటని ఏ కమతంలోనూ కలపకుండా తెల్లగా వదిలేశారంటే, అప్పట్లో అది జనం రోడ్డు అనుకున్నారనడానికి మంచి సూచన. మీ బాటకి రెండు వైపులా పాత కంచెలున్నాయన్నారు, అందుకే నాకు ఆశగా ఉంది. ఒక్క పత్రంతో తేలదు, నాలుగైదు ఒకే మాట చెప్పాలి.

ఇలాంటి పాత పత్రాల దరఖాస్తులకి మొదట 2026 జనవరి 1 గడువు పెట్టారు. తర్వాత దాన్ని 2031కి జరిపారు. 2024 డిసెంబరులో ఆ గడువునే ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అయినా ఆలస్యం చేయొద్దు. పత్రాలు ఎక్కడికీ పోవు, 80ల నుంచి స్వారీ చేసినవాళ్ల జ్ఞాపకాలు పోతాయి.


కొండసైకిల్
ఆదివారం, రాత్రి 9:05

యార్క్‌షైర్ నుంచి. నేను మౌంటెన్ బైక్ మనిషిని. ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో సాగే పెన్నైన్ బ్రిడిల్‌వే మీద తిరిగినప్పుడల్లా అనుకుంటాను, ఇది గుర్రాల వాళ్ల పుణ్యమే అని. 1986లో మేరీ టౌన్లీ అనే ఆవిడ స్నేహితులతో కలిసి నార్తంబర్‌లాండ్ నుంచి డెర్బీషైర్ దాకా గుర్రం మీద వెళ్లింది. దారులు ఎంత పాడైపోయాయో, ఎక్కడెక్కడ మూసేశారో చూపించింది. ఇప్పుడు అది 205 మైళ్ల నేషనల్ ట్రైల్. అందులో 47 మైళ్ల లూప్‌కి ఆవిడ పేరే పెట్టారు. సైకిలిస్టులం దాని మీద లాభపడ్డాం.

మావాళ్లకీ ఒక మాట. బ్రిడిల్‌వే మీద గుర్రానికీ నడిచేవాళ్లకీ మనం దారి ఇవ్వాలి, అది చట్టం. వెనక నుంచి గుట్టుగా దగ్గరికి రావద్దు. దూరం నుంచే హలో అనండి, మనిషి గొంతు వింటే గుర్రం స్థిమితపడుతుంది. పోనీ అమ్మ గారూ, ఆ బాట మీద సైకిల్‌తో వెళ్లినవాళ్ల సాక్ష్యం పనికొస్తుందా?


ఏ34_డ్రైవర్
ఆదివారం, రాత్రి 9:40

పోనీ అమ్మ గారూ, వ్యాన్ సంగతి చదివాక నిన్నటి నుంచి మనసులో అదే ఉంది. నాకూ ఆ వయసు పిల్లే ఉంది. 2 మీటర్ల రూల్ సంగతి నాకు తెలిసినవాళ్లలో సగం మందికి తెలియదు, మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. దారి విషయంలో కౌన్సిల్ ఖర్చు గురించి నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, ఉన్న దారిని సరిగ్గా రాసుకోవడానికి కొత్తగా వేయడానికయ్యేంత ఖర్చు ఉండదు కదా, అది ఒప్పుకుంటాను.


ష్రాప్‌షైర్_వెట్
ఆదివారం, రాత్రి 10:10

పాతపటాలు గారూ, అనుమతి సంగతి అంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. అయినా రైతుని కలవమనే అంటాను. కాగితాలు దాఖలు చేసినట్టు యజమానికి నోటీసు ఎలాగూ ఇవ్వాలి. అది పోస్టులో అందే ముందు మనిషి వెళ్లి చెబితే పద్ధతిగా ఉంటుంది. వెళ్లేటప్పుడు గుర్రాల మీద గుంపుగా వెళ్లొద్దు. ఇద్దరు నడిచి వెళ్లండి. లాంబింగ్ (గొర్రెలు ఈనే కాలం) అయ్యాక, సాయంత్రం పూట. ఆయన భయం గేటు గురించైతే, జీను మీద నుంచే ఒక చేత్తో తీసి మూసే పొడవాటి గొళ్లెం ఉన్న గేటు పెడదామనండి. మామూలు స్ప్రింగ్ గేటు వద్దు. గుర్రం సగం దాటగానే తిరిగొచ్చి తుంటికి తగులుతుంది. ఒకసారి తగిలిన గుర్రం మళ్లీ గేటు దగ్గరకి రాదు, దెబ్బకి కుట్లు నేనే వేశాను.


పోనీ_అమ్మ
సోమవారం, ఉదయం 6:50

రైతు దగ్గరికి నేనూ, సీసా ఇచ్చిన ఆవిడా వెళ్తున్నాం, ఆయనకి ఆవిడ కొంచెం తెలుసట. పక్క ఊళ్లో సొంత పొలంలో గుర్రాలు పెట్టుకున్న ఇద్దరి ఫోన్ నంబర్లు దొరికాయి. ఫారంలో ఏమేం అడుగుతారో ఎవరైనా చెబితే వాళ్లకి ముందే చెప్పి ఉంచుతాను. దరఖాస్తు తేలడానికి ఎంత కాలం పడుతుంది?


పాతపటాలు
సోమవారం, ఉదయం 7:30

ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, నెలకి సుమారుగా ఎన్నిసార్లు, గుర్రం మీదా సైకిల్ మీదా కాలినడకనా, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, గేటు ఉండేదా, తాళం ఉండేదా, బోర్డులు చూశారా, ఎవరైనా ఆపారా, అనుమతి అడిగారా. మ్యాప్ మీద ఎవరి దారి వాళ్లే గీయాలి, ఒకరు గీసింది చూసి ఇంకొకరు గీయకూడదు. సంవత్సరాలు గుర్తు లేకపోతే అప్పుడు ఏ గుర్రం ఉండేదో అడగండి, గుర్రాన్ని కొన్న ఏడు ఎవరూ మర్చిపోరు. పాత ఫోటోలు, వెట్ బిల్లులు ఉంటే జత చేయండి. కొండసైకిల్ గారూ, సైకిల్ మీద వెళ్లినవాళ్ల ఫారాలూ తీసుకుంటారు, పంపమనండి.

కాలం మాత్రం ఏళ్లు పడుతుంది, చాలా కౌంటీల్లో వరుస పొడవుగా ఉంది. 12 నెలల్లో కౌన్సిల్ తేల్చకపోతే, ఫలానా తేదీలోగా నిర్ణయించమని వాళ్లకి ఆదేశం ఇవ్వమని సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కి, అంటే సంబంధిత మంత్రికి, రాసే వీలుంది. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. క్యూలోని ఆర్కైవ్స్‌కి నేను వచ్చే నెల వెళ్తున్నాను, మీ బాట గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద చోటు చెప్పే అంకెలు) ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి, 1910 మ్యాప్ నేను చూసుకొస్తాను.